మణి గోడకు ఎడమ పక్క

మా అత్తకు అబద్ధం చెప్పి ఇంట్లోంచి కదిలించాను. ఆ సంగతి ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత నన్నెవరూ నిలదీయకుండా.

ఆవిడకు డెబ్బై ఆరేళ్లు. రెండు కళ్లకూ పొర కమ్మింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి తప్ప మనిషి మొహం ఆనవాలు పట్టలేదు. పై ఊరి ఆస్పత్రికి కాఠ్మాండూ నుంచి కళ్ల డాక్టర్లు ఏడాదికి ఒక్కసారే వస్తారు. ఆ రోజు సాయంత్రం లోపల అక్కడ ఉండకపోతే మళ్లీ ఏడాది దాకా ఆగాలి. అప్పటికి పొర ముదిరిపోతుందనీ, తీసినా చూపు రాదనీ డాక్టరమ్మ కిందటిసారే నన్ను గట్టిగా హెచ్చరించింది. మా ఊరి నుంచి అక్కడికి ఒక పూట నడక. టూరిస్టులు దాన్ని చిన్న ట్రెక్ అంటారు. దారి పొడుగునా కొండలు కనిపిస్తాయనీ, ఎంతో ప్రశాంతంగా ఉంటుందనీ మా లాడ్జిలో కూర్చుని మురిసిపోతారు. వాళ్లకేం, కాలు బెణికితే హెలికాప్టర్ వస్తుంది.

ఆ దారి మధ్యలో పొడవాటి మణి గోడ ఉంది. మంత్రాలు చెక్కిన రాతి పలకలను ఛాతీ ఎత్తున, మంచమంత వెడల్పున పేర్చిన గోడ. నడిచేవాడికి మణి ఎప్పుడూ కుడిచేతి వైపే ఉండాలి. అంటే పైకి వెళ్లేటప్పుడు గోడకు ఎడమ పక్క, నది అంచున నడవాలి. తిరిగి వచ్చేటప్పుడు కొండకూ గోడకూ మధ్య ఉన్న సందులోంచి రావాలి. మా షెర్పాల పిల్లలకు మాటలతోపాటే ఆ అలవాటు వస్తుంది. పది రోజుల కిందట వానలకు నది వైపు దారి సగంలో విరిగి కింద దూధ్‌కోసి నదిలో పడిపోయింది. ఇప్పుడు ఊరి జనమంతా పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కొండ సందులోంచే పోతున్నారు, తప్పు కాయమని మంత్రం గొణుక్కుంటూ.

మా అత్త పోదు. చచ్చినా మణికి తప్పు వైపు నడవదు. నిజం చెబితే గుమ్మం దాటదు, కళ్లు పోతే పోనీ అంటుంది. అందుకని చెప్పలేదు.

"వానలకు దారేమైనా పోయిందిటే?" అని అడిగింది, నేను బూట్లు తొడుగుతుంటే.

"ఏమీ పోలేదు. ఇంట్లో తిరిగినట్టు తిరగొచ్చు."

"నిన్ను నమ్మాలంటే భయమే. టీలో ఉప్పు సగం వేసి, నిండా వేశానని చెప్పే మనిషివి."

"ఉప్పు తగ్గించమని డాక్టరమ్మ చెప్పింది అత్తమ్మా."

"నీకు అత్త డాక్టరమ్మా, నేనా?"

నా ఉపాయం నాకుంది. గోడ దగ్గరికి రాగానే ఆవిణ్ణి బరువులు మోసే నుదుటి పట్టీ వేసి వీపున మోసుకుని, సందులోంచి గబగబా దాటించేస్తాను. ఆవిడ చేయి రాతికి తగలదు. ఏ వైపు నుంచి పోయామో తెలియదు. పాపమంటూ ఉంటే అది నా నెత్తిన పడుతుంది, నేను పడతాను. ఇలా సర్దిచెప్పుకుంటూనే బయల్దేరాను.

అడవి దాటేసరికి కింద నుంచి పొగమంచు లేచింది. ఒక్కసారి మాత్రం అది పక్కకు తొలగి, ఎదురుగా థామ్‌సేర్కు మంచు కొమ్ము ఎండకు ధగధగమంది. అత్త టక్కున ఆగింది.

"థామ్‌సేర్కు వచ్చిందా? మొహానికి వెలుగు తగిలింది."

"వచ్చింది అత్తమ్మా. కొస మీద మబ్బు..."

"నోర్ముయ్. నువ్వు చెప్పక్కర్లేదు. నాలుగు రోజులైతే నేనే చూస్తాను."

ఆ మాటకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. కొండ మళ్లీ మంచులో కలిసిపోయింది.

గోడ మొదటికి చేరేసరికి పది అడుగుల అవతల ఏముందో కనిపించడం లేదు. కింద నది హోరు మాత్రం వినిపిస్తోంది. నా వీపున సామాన్ల బుట్ట ఉంది. ఆవిణ్ణి ఒక బండ మీద కూర్చోబెట్టాను.

"ఇక్కడే ఉండు. బుట్ట అవతల పెట్టొచ్చి నిన్ను మోసుకుపోతా."

"నన్నా? నేనేమన్నా బంగాళాదుంపల బస్తానా?"

"జారుతోంది అత్తమ్మా."

"ఇంట్లో తిరిగినట్టు తిరగొచ్చన్నావుగా?"

"అబ్బా, ఒక్క క్షణం కూర్చోలేవా? కదిలావంటే ఊరుకోను!"

విసుక్కున్నాను. అదే నేను చేసిన రెండో తప్పు. ఆ మొండిఘటాన్ని కదలొద్దంటే కదులుతుందని ఇన్నేళ్లు కాపరం చేసిన నాకు తెలియదా? బుట్టతో సందులోంచి పరుగున పోయి, అవతల దించి, పరుగున తిరిగొచ్చాను. బండ మీద ఎవరూ లేరు.

అరవబోయి నోరు నొక్కుకున్నాను. అరిస్తే ఆవిడ తొందరపడుతుంది, తొందరపడితే పోతుంది. గోడ మూల నుంచి నది వైపు తొంగి చూశాను. కాస్త దూరంలో, మంచులో, ఎర్రటి శాలువా. కుడిచేయి పలకల మీద ఆనించి, ఒక్కొక్క అక్షరాన్నీ వేళ్లతో తడుముకుంటూ, "ఓం మణి పద్మే హూం" అని సాగదీసి పాడుకుంటూ నడుస్తోంది. ఆవిడకు రెండడుగుల ముందు దారి లేదు. నిలబడ్డ చోటు కూడా లోపలంతా డొల్ల. మొన్న కింద వంతెన మీంచి చూశాను, అక్కడ మట్టిని పట్టుకుని ఉన్నది గడ్డి వేళ్లే. నేను వెనకాలే వెళితే ఇద్దరి బరువుకీ అది విరుగుతుంది.

వెనక్కి పరిగెత్తి సందులో దూరి, ఆవిడ పాట వినిపించే చోట గోడ ఎక్కేశాను. బూట్లతో మణి మీదికి ఎక్కాను. పసిపిల్లలు కూడా చేయని పని అది. బోర్లా పడుకుని, అవతలి వైపుకి చేయి చాచి ఆవిడ మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

ఆవిడ కెవ్వుమంది. కాలి కింద మట్టి జలజలా రాలింది.

"నేనే! అత్తమ్మా, నేనే. కదలకు."

"గొంతు పైనుంచి వస్తోందేంటే? ఎక్కడున్నావు?" ఎడమ చేత్తో నా చేయి పైదాకా తడిమింది. "మణి మీద పడుకున్నావా? దిగు! దిగవే పాపిష్టిదానా!"

"ముందర దారి లేదు. విరిగిపోయింది. ఒక్క అడుగేస్తే నదిలో పడతావు."

"పొద్దున ఏమీ పోలేదన్నావు."

"అబద్ధం చెప్పాను."

"ఇప్పుడు చెప్పేదే అబద్ధం. నన్ను తప్పు వైపు నుంచి లాక్కుపోవాలని చూస్తున్నావు. అందుకేగా మోస్తానన్నది? నాకు చూపు లేదు గానీ బుద్ధి ఉందే. వదులు!"

వదిలించుకోవడానికి గుంజింది. డెబ్బై ఆరేళ్లు వచ్చినా బరువులు మోసిన చేయి అది. చెమటకు నా పట్టు జారుతోంది. ఒట్టు వేశాను. బతిమాలాను. నా తల్లి మీద, బుద్ధుడి మీద ప్రమాణం చేశాను. ఎన్ని చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. ఎందుకెక్కుతుంది? పొద్దున నేను అంత తీయగా అబద్ధం చెప్పాక, ఏడుస్తూ చెప్పిన నిజానికి విలువేముంటుంది? నా జన్మలో అంత భయం నేనెరగను. నా అబద్ధమే ఈవిణ్ణి చంపబోతోందని తెలిసిపోతోంది.

"నమ్మొద్దు, నన్ను నమ్మొద్దు. విను చాలు," అన్నాను.

ఖాళీగా ఉన్న చేత్తో దొరికిన పలకనల్లా లాగాను. పాతవన్నీ నాచు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఒక్కటి ఊడి వచ్చింది, చిన్నది, కొత్తది. మూడేళ్ల కిందట నేనే తెచ్చి పెట్టించిన పలక. చేతికి రాగానే పోల్చాను. నా పెనిమిటి కుసాంగ్ పేరిట చెక్కించింది. మంచు కొండ మీద తాడు తెగి పడిపోయాడు, ఒళ్లు కూడా దొరకలేదు. తల్లి తడుముకోవడానికి ఆయన గుర్తుగా ఉన్నది ఆ రాయే. ఆలోచించడానికి వ్యవధి లేదు. ఆవిడ అడుగు పెట్టబోయే చోటుకి తోసేశాను.

ఏ చప్పుడూ రాలేదు.

ఆవిడ గుంజడం ఆపేసింది. తల వంచి చెవి ఒగ్గింది. ఇంకా ఏమీ లేదు. ఆ తర్వాత, ఎక్కడో చాలా కింద, బండకు రాయి తగిలి పగిలిన చప్పుడు. దాని వెనకాల నది హోరు.

వదిలించుకోబోయిన చేయి ఇప్పుడు నా చేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది.

"యాంగ్జీ... భయమేస్తోందే."

ఆవిడ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి.

"నాకూ భయంగానే ఉంది. గోడ వదలకు. కాలు ఎత్తకుండా వెనక్కి జరుపు. ఊఁ, అంతే. ఇంకో కాలు."

ఆవిడ కింద, నేను పైన. పలకల మీద పొట్టతో పాకుతూ, ఆవిడ చేయి వదలకుండా, ఒక్కో జానెడే వెనక్కి తెచ్చాను. ఏడెనిమిది అడుగులు వచ్చామో లేదో, అంతదాకా ఆవిడ నిలబడ్డ నేల మెల్లగా కిందికి జారిపోయింది. ఆవిడకూ తెలిసింది. మంత్రం బయటికి రాక పెదాలు మాత్రం ఆడుతున్నాయి.

గట్టి నేల మీదికి వచ్చాక ఇద్దరం కూలబడ్డాం. ఆవిడ నా వీపు మీద ఫెడీమని ఒకటి కొట్టి, ఆ చేత్తోనే నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఏ రాయి విసిరావు?" అంది.

"ఏదో రాయి."

"మళ్లీ మొదలెట్టావూ?"

ఇక దాచలేకపోయాను. "ఆయనది, అత్తమ్మా. అదొక్కటే ఊడింది."

ఏడుస్తుందనుకున్నాను. శపిస్తుందనుకున్నాను. ఆవిడ ఆ పొర కమ్మిన కళ్లను నది వైపు తిప్పింది.

"వాడు పడ్డప్పుడు చప్పుడు కూడా వినలేదన్నారు, వెంట ఉన్నవాళ్లు," అంది. "ఇవాళ నేను విన్నాను."

సాయంత్రం లోపల ఆస్పత్రికి చేరాలని కూడా మరిచిపోయాను. ఆవిడే గుర్తుపెట్టుకుంది. లేచి, కొండ సందు ఎటుందో కనుక్కుని, జీవితంలో మొదటిసారి ఎడమ చేయి మణి మీద వేసింది.

"దారి ఎలా ఉందో చెప్పు. నిజం చెప్పు," అంది.

ఇరుకుగా ఉందనీ, జారుతోందనీ, నాకింకా భయంగానే ఉందనీ చెప్పాను.