ఆగయ్య ఇప్పచెట్టు మీది గబ్బిలాలు

పాకాల వాగు పొంగి గూడూరు తోవ తెగిన వరద తరువాతి ఎండాకాలం అది. తెలంగాణ కోసం ఊరంతా వంతులవారీగా దీక్షలో కూర్చునేది. గుడారంలో ముత్యం పాడేవాడు, ఆగయ్య డప్పు కొట్టేవాడు. పాట అయిపోగానే జనమంతా ముత్యం చుట్టూ మూగేవారు.

"గదేం గొంతు! అచ్చం పిగిలిపిట్టే!"

డప్పు చంకన పెట్టుకుని ఆగయ్య ఒక్కడే ఇంటికొచ్చేవాడు. ఇంట్లో భార్య సత్తమ్మ చేటతో ఇప్పపువ్వు చెరుగుతూ ముత్యం పాటే కూనిరాగం తీసేది.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు.

"ముత్యం పిగిలిపిట్టయితే నేనేం పిట్టనే?"

"నువ్వా? గబ్బిలానివి! పొద్దంతా మూతి ముడుసుకొని యాలాడుతవు" అని పకపకా నవ్వింది.

ఆ మాట మిరపకాయ నమిలినట్టయింది. వాళ్ల ఇప్పచెట్టు మీదికి రోజూ పొద్దుగూకగానే గబ్బిలాలు దిగేవి. పూత మీదున్న ఇప్పచెట్టు కింద ఎవరూ డప్పు ముట్టరు. ఆగయ్య ఆ సాయంత్రం ముట్టాడు. చెయ్యి నొచ్చేదాకా వాయించాడు. గబ్బిలాలు గుంపుగా లేచి, గట్టు అవతలి ముత్యం వాళ్ల ఇప్పచెట్టు మీద వాలాయి.

"థూ! గివి గూడ వాని దిక్కేనా!"

తెల్లారి సత్తమ్మ తట్టలో పువ్వు అడుగైనా కప్పలేదు. అవతల ముత్యం చెట్టు కింద రాలిన పువ్వుతో నేల తెల్లగా ఉంది. ఆగయ్య చెట్టు కొమ్మ మీద పిగిలిపిట్ట ఒకటి కూర్చుని ఆగకుండా కూస్తోంది.

"ఇగో, పిగిలిపిట్ట వచ్చింది. పట్టుకో తట్ట! దాని పాట తట్టల పడ్తదా? గబ్బిలమైతే సగం తిని సగం రాలుస్తది" అంది సత్తమ్మ.

ఆగయ్య తట్ట అందుకున్నాడు.

"మరి ఎప్పుడు జూసినా వాని పాటే ఎందుకు పాడుతవు?"

"ఓ పిచ్చోడా! నీ దరువు నోట్లె పడ్తదా? చేటతోని కొడ్త లేనా?"

అప్పుడు గుర్తొచ్చింది. రోజూ ఆమె చేట ఎగిరేది తన డప్పు దరువుకే.

ఆ సాయంత్రం డప్పును గోడకు తగిలించి, దగ్గు కూడా దిగమింగి అరుగు మీద కూర్చున్నాడు. చీకటి పడ్డాక నాలుగు గబ్బిలాలు తిరిగొచ్చాయి.

మరునాడు పొద్దున్నే గడ్డిమంట మీద డప్పు కాగబెట్టి, ముత్యం కంటే ముందే గుడారానికి వెళ్లాడు. ముత్యం పాట ఎత్తుకోగానే, వాడికి ఊపిరి అందనంత జోరుగా దరువు వేశాడు.