ముద్దకొక బూచోడు

బరాకాను కొట్టింది మార్కెట్లో పోగైన పదిమందే అంటున్నారు. అబద్ధం. కొట్టింది మన వీధి. అన్నం గిన్నె పట్టుకుని గడపలో కూర్చునే మనం.

బరాకాది టాంజానియా. చదువుకోడానికి తిరుపతి వచ్చి, మా ఎదురింటి మేడమీది గదిలో ఏడాదిగా ఉంటున్నాడు. కింద పంకజవల్లమ్మ, ఆమె నాలుగేళ్ల మనవరాలు మోక్షిత. పాప ముద్ద మింగకపోతే ముసలామె మేడవైపు వేలు చూపించేది.

"తింటావా, ఆ నల్లబూచోణ్ణి పిలవనా? గోతాంలో ఏసుకోని పోతాడు సూడు!"

అతనికి మన తెలుగు అందేది కాదు. పలకరిస్తున్నారనుకుని రెండు చేతులూ ఊపేవాడు. పాప గుటుక్కున మింగేది. నేను మిషన్ కుట్టుకుంటూ నవ్వేదాన్ని. నా కొడుక్కీ ఆ మాట చెప్పే తినిపించాను.

సోమవారం సాయంత్రం మార్కెట్లో పంకజవల్లమ్మ వంకాయలు ఏరుకుంటూ ఉంటే పాప తప్పిపోయింది. ఏడుస్తున్న పిల్లను అటుగా వచ్చిన బరాకా గుర్తుపట్టాడు. ఇంట్లో అప్పజెబుదామని చెయ్యి పట్టుకున్నాడు. పాప కెవ్వుమంది.

"బూచోడు! గోతాంలో ఏసుకుంటాడు!"

అంతే. పిల్లల్ని ఎత్తుకుపోయేవాడన్నారు. చెయ్యి విరిగేదాకా కొట్టారు. పంకజవల్లమ్మ పరుగెత్తుకొచ్చి, పాపను చంకనేసుకుని, ఒక్క మాట చెప్పకుండా ఇల్లు చేరింది.

ఇప్పుడతను పెద్దాసుపత్రిలో ఉన్నాడు. మంచం పక్కన కానిస్టేబుల్. పిల్ల తరపువాళ్లు వచ్చి చెప్పకపోతే కిడ్నాప్ కేసు రాస్తారట. నేను అన్నం తీసుకుపోతే ముట్టలేదు. వచ్చీరాని తెలుగులో ఒక్కటే అడిగాడు.

"అక్కా, అవ్వ రోజూ నన్ను చూపించి ఏం చెప్తుంది?"

అక్కణ్ణుంచి నేరుగా ముసలామె గడపలోకే వచ్చాను.

"నేనేం సేసినానే కోమలీ? అందరూ అనే మాటే గదా. బిడ్డ తినేదానికి అంటిని."

"నేనూ అంటిని. అందుకే వచ్చినా."

"స్టేషనూ అదీ అంటే పరువు పోతాదే. నా కొడుకు ఒప్పుకోడు."

"ఆ పిల్లోడికి చెయ్యి పోయిండాది. కేసు రాస్తే చదువూ పోతాది. నీకు పరువా?"

ఆమె పాపను దగ్గరికి లాక్కుంది.

"లే అమ్మా. చెప్పులేసుకో. పాపనూ ఎత్తుకో. ఆ పోలీసాయన ముందర, ఆ పిల్లోడి ముందర, దినామూ ఏం చెప్పి అన్నం పెట్టినావో నీ నోటితోనే చెప్పు. నాదీ నేను చెప్తా. రేపు కాదు. ఇప్పుడే. పద."