పిల్లను పంపకుండ్రి

బడులు తెరిచే రోజులు. హాస్టల్ ఆడపిల్లల యూనిఫారాలకు కొలతలు తీసుకుందామని వచ్చిన శారమ్మ, ఆఫీసు గది బయట బెంచీ మీద కూర్చుంది. లోపలి మాటలు వినాలని ఆమె రాలేదు. తలుపు మాత్రం ఓరగా ఉంది.

"టీసీ ఇచ్చి పిల్లను ఇంటికి తోలియ్యుండ్రి మేడం," అంటున్నాడు హాస్టల్ కమిటీ పెద్ద ఆత్మారాం. "ట్యూషన్ సారును నేను మెల్లగ మానిపిస్త. బయట పడితె అందరి ఇజ్జత్ పోతది."

"పిల్ల ఏం తప్పు జేసిందని తోలియ్యాలె?" వార్డెన్ గోదావరి గొంతులో కోపం ఉంది, కానీ బలం లేదు. ఆమె ఈ హాస్టల్‌కు వచ్చి ఇంకా ఏడాది కాలేదు.

శారమ్మ చేతిలోని టేపు కింద పడింది. ఆమె తీసుకోలేదు. ఇరవై ఏండ్ల కింద, బోధన్ దగ్గరి ఇంకో హాస్టల్‌లో, ఇంకో గదిలో, ఇవే మాటలు. అప్పుడు బెంచీ మీద కూర్చున్నది ఏడో తరగతి శార. గదిలో నలుగురు పెద్దమనుషులు, వాళ్ల ముందర కొంగు నోట్లో కుక్కుకొని నిలబడ్డ కన్నతల్లి, అవ్వ ఎల్లవ్వ. ఆ సాయంత్రమే అవ్వ బిడ్డను, ట్రంకుపెట్టెను చెరుకు బండి మీద ఎక్కించింది. ఇల్లు రాగానే, "ఎవ్వలకు జెప్పకు," అన్నది. పంట కోతలు కాకముందే శారను నవీపేట్‌లో చిన్నమ్మ ఇంటికి పంపింది. శారను చెరిచిన మనిషి ఆ హాస్టల్‌లోనే ఉద్యోగం చేసుకుంటూ ముసలివాడయ్యాడు.

ఆత్మారాం వెళ్లిపోయాక శారమ్మ లోపలికి పోయింది.

"పిల్లను పంపకుండ్రి మేడం."

గోదావరి తల ఎత్తింది. "ఎందుకక్క గట్లంటున్నవ్?"

"నన్ను పంపిండ్రు."

గోదావరి లేచి తలుపు మూసింది. శారమ్మ ఎంత చెప్పగలిగితే అంత చెప్పింది. గోదావరి మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అంతా అయినాక మాత్రం, "అప్పుడు మేమేం జేస్తె నీకు మంచిగుంటుండె అక్క?" అని అడిగింది.

"రేపు జెప్త మేడం," అని శారమ్మ లేచింది. ఆ మాట ఆమెను ఎవరూ అడిగి ఉండలేదు. ఇంటికి పోయి మిషను ముందర కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కలేదు. తెల్లారి మళ్లీ హాస్టల్‌కు పోయింది.

"నాతోని మళ్ల మళ్ల జెప్పించిండ్రు మేడం. పెతిసారి ఎవలో ఒక కొత్త మొగాయన. ఒక ఆడమనిషి కూసోని ఒక్కసారి వింటె సాలుతుండె. తప్పు జేసినోడు ఆడ్నే ఉన్నడు, నన్ను పంపిండ్రు. నా దోస్తులంత నేనే ఏదో దొంగతనం జేసిన్ననుకున్నరు. ఇగ మా అవ్వ..." శారమ్మ ఆగింది. "బిడ్డతోని ఎట్ల మాట్లాడాల్నో మా అవ్వకు ఎవ్వలు జెప్పలే."

గోదావరి ఆ మాటలను పట్టుకొని నడిచింది. సారును గేటు లోపలికి రానియ్యొద్దని వాచ్‌మెన్‌కు చెప్పింది. "నా నౌకరీ పోతె పోనీ," అని ఆత్మారాంకు చెప్పి పోలీసు స్టేషన్‌కు పోయింది. ఒక ఆడ కానిస్టేబుల్ మామూలు చీరలో వచ్చి, పిల్ల మంచం మీదనే కూర్చొని, ఒక్కసారే అంతా విన్నది. కానీ పిల్ల తల్లి లక్ష్మవ్వ ఇందల్వాయి నుంచి వచ్చి, బిడ్డను తోల్కపోతానని పట్టుపట్టింది. వార్డెన్ మాట ఆమె చెవికెక్కలేదు.

శారమ్మ అవ్వ దగ్గరికని బోధన్ బస్సెక్కింది.

కిటికీ అవతల చెరుకు తోటలు మొదలయ్యేసరికి ఎప్పటిలాగే శారమ్మ కొంగు సర్దుకొని కూర్చుంది. పండుగకో పెండ్లికో ఈ దారిన వచ్చిన ప్రతిసారీ ఇదే ఆశ. ఈసారన్నా అవ్వ ఆ సంగతి ఎత్తి ఒక్క మాట అంటుందని. అవ్వ నెత్తికి నూనె పెట్టేది, ఇష్టమని సర్వపిండి చేసేది, బాపు సీమోను పోయిన సంగతి తలుచుకొని ఏడ్చేది. ఆ ఒక్క ముచ్చట తప్ప అన్నీ మాట్లాడేది.

"ఆ తల్లితోని నేనేం మాట్లాడుదునే?" అన్నది ఎల్లవ్వ సంగతి విని.

"ఏం జెయ్యొద్దో నీకెరుకే గదా అవ్వ."

శారమ్మకే ఆ మాట కటువుగా తోచింది. ఎల్లవ్వ తోముతున్న గిన్నెను చాలాసేపు తోమింది. తర్వాత చేతులు కడుక్కొని, చర్చికి కట్టుకునే చీర తీసింది.

హాస్టల్‌లో లక్ష్మవ్వ బట్టలు మూట కట్టుకొని కూర్చుంది. పిల్ల గోడకు ముఖం పెట్టి ఉంది. ఎల్లవ్వ లక్ష్మవ్వ పక్కనే చాప మీద చతికిలబడింది.

"నేను గూడ గిట్లనే మూట కట్టిన చెల్లె. నా బిడ్డను తోల్కపోయిన. ఇజ్జత్ దక్కింది. బిడ్డ దక్కలే. సుట్టమోలె వస్తది, సుట్టమోలె పోతది."

లక్ష్మవ్వ కొంగులో ముఖం దాచుకుంది. ఎల్లవ్వ పిల్ల దగ్గరికి జరిగింది. "నీ మీద చెయ్యేస్తనే, వెయ్యాల్నా?" అని అడిగి, పిల్ల తల ఊపాక వీపు మీద చెయ్యి పెట్టింది.

"నీ తప్పేం లేదు బిడ్డా. ఆనిదే తప్పు."

శారమ్మ గడపలో నిలబడి వింటోంది. ఇరవై ఏండ్లుగా ఏ మాట కోసం ఆ బస్సెక్కిందో ఆ మాట అది. అవ్వ గొంతుతోనే వచ్చింది, ఇంకో పిల్లకు. మంచిగైందని అనిపించింది. ఆ పిల్ల స్థానంలో తానుంటే అని కూడా అనిపించి, సిగ్గుపడి, వరండాలోకి పోయి నిలబడింది.

సాయంత్రం బస్టాండులో బోధన్ బస్సు వచ్చి ఆగింది. ఎల్లవ్వ ఎక్కబోతుంటే శారమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"అవ్వ, నాకెందుకు జెప్పలే?"

ఎల్లవ్వ జనాన్ని చూసింది, బస్సును చూసింది. "ఆ దినం నువ్వు బెంచి మీద కూసున్నవు సూడు, నిన్ను ఎత్తుకోవాలనిపిచ్చింది. పెద్దమనుషులు సూస్తున్నరని ఎత్తుకోలే. ఆ తర్వాత... ఏ మొఖం పెట్టుకోని జెప్పాలె?"

కండక్టర్ కేక వేశాడు. ఎల్లవ్వ ఎక్కింది. బస్సు కదిలేదాకా కిటికీలోంచి బిడ్డ చెయ్యి వదల్లేదు.

లక్ష్మవ్వ మూట విప్పింది. పిల్ల హాస్టల్‌లోనే ఉండి చదువుకుంది. సారు మీది కేసు కోర్టులో చాలాకాలం సాగి, చివరికి శిక్ష పడింది. గోదావరి చుట్టుపక్కల హాస్టళ్లకు కొత్తగా వచ్చే ప్రతి వార్డెన్‌నూ శారమ్మ దగ్గర కూర్చోబెట్టేది.

శారమ్మ ఇప్పుడు బోధన్‌కు పండుగల కోసం ఎదురుచూడదు. మనసు లాగినప్పుడు పోతుంది. అవ్వ నూనె పెడుతుంటే కళ్లు మూసుకుంటుంది. ఆ బెంచీ మీది పిల్లను అవ్వ ఎత్తుకున్నట్టు అనుకొని చూస్తుంది. ఒక్కోసారి ఎత్తుకున్నట్టే ఉంటుంది. ఒక్కోసారి ఉండదు.