పడింది సెట్టులోనే

తనికాచలం మేడ మీంచి పడగానే మేమంతా నవ్వాం. నవ్వాల్సిన సీనది. అప్పడాల వ్యాపారం చేసే అన్నదమ్ములు అప్పడాల కర్రలతో రౌడీలను తరిమే తమిళ సినిమా. వడపళనిలో సెట్టు. నేనూ ఆ రౌడీల్లో ఒకణ్ణి. హీరోకు బదులు దూకిన తనికాచలం నలభై ఆరేళ్ల డూపు. కట్ చెప్పాక కూడా అతను లేవలేదు. 

కింద మూడు వరుసలు పేర్చాల్సిన అట్టపెట్టెలు ఒక్క వరుసే ఉన్నాయి. మిగతావి కావాలని ఫైట్ మాస్టర్ పొద్దుటే అడిగాడు. పెట్టెలొచ్చేదాకా ఆగితే హీరో అయిన తన అన్నకు విమానం తప్పిపోతుందని కదిరేశన్ షాటు పెట్టించాడు. సినిమా తీసేవాళ్లదీ కుటుంబ వ్యాపారమే. తండ్రి నిర్మాత, పెద్దకొడుకు హీరో, ఈ చిన్నకొడుకు కదిరేశన్‌ది పెత్తనం.

తనికాచలం బావమరిది సింగారవేలు కూడా డూపే. పరుగెత్తుకెళ్లి తల పట్టుకున్నాడు.

"కాళ్లున్నట్టు తెలీడం లేదురా," అన్నాడు తనికాచలం.

ఆంబులెన్సు అటు వెళ్లగానే కదిరేశన్ మా మధ్యకొచ్చాడు. మనమంతా ఒకే కుటుంబమన్నాడు. మోటారుసైకిల్ మీంచి పడ్డాడని ఆస్పత్రిలో రాయిస్తున్నామని, ఎవరడిగినా అదే చెప్పాలని అన్నాడు. అదే నోటితో, అదే షాటుకు సింగారవేలును మేడెక్కమన్నాడు.

సింగారవేలు కదల్లేదు. పని పోతుందని కొందరు గొణిగారు. మా సంఘం పెద్దలొచ్చేదాకా ఆగుదామని కొందరన్నారు.

ముసలి రౌడీ వేషగాడు పిచ్చముత్తు మాత్రం మనసులో మాట దాచుకోలేదు. "ఎక్కరా తంబీ. ఇవాళ కాదంటే రేపెవడు పిలుస్తాడు?"

యూనిట్లో గిన్నెలు కడిగే అంజలై చేతులు తుడుచుకుంటూ లేచింది.

"మా ఆయన పడ్డప్పుడూ ఇదే మాటన్నారు. లారీ గుద్దిందని రాశారు. నేనే వేలిముద్ర వేశాను. ఆ రోజు నేను నోరు మూసుకోబట్టే ఇవాళ ఈయన నడుం విరిగింది."

 ఆమె గేటు వైపు నడిచింది. సింగారవేలు వెనకే వెళ్లాడు. తర్వాత మేం అరవైమందిమి కదిలాం, వేషాలతోనే.

పట్టపగలు మమ్మల్ని చూసి ఆస్పత్రి వాళ్లు స్ట్రెచర్లు తోసుకుంటూ పరుగెత్తుకొచ్చారు. దెబ్బలెవరికని నర్సు అడిగింది.

"లోపల పడుకున్నాయనకేనమ్మా. వీళ్లది ఉత్త రంగు," అంది అంజలై.

సబ్ ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఒక్కరు సాక్ష్యం చెబితే చాలు, మిగతావాళ్లు పొండన్నాడు.

"ఒక్కడు చెబితే రేపు ఆ ఒక్కడికే పనుండదు సార్," అన్నాడు సింగారవేలు. "అందరిదీ రాయండి. పడింది సెట్టులోనే."

వరుసకట్టాం. పదిహేడు మందివి రాశాక ఆయనకు ఫోనొచ్చింది. కలం మూసేశాడు. ఆస్పత్రిలో అల్లరి చేశారంటూ సింగారవేలునూ అంజలైనీ జీపెక్కించాడు.

పిచ్చముత్తు జీపుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు. ముఖం మీది రంగు చెమటకు కారుతోంది. 

"పద్దెనిమిదోది నాది సార్. రాసుకుని కదలండి."

అతని వెనక నేను నిలబడ్డాను. నా వెనక వరుస పెరుగుతూనే ఉంది. తిరిగి చూస్తే అందులో మా సెట్టువాళ్లే కాదు, కబురు విని వచ్చిన పక్క స్టూడియోల వాళ్లూ ఉన్నారు. ఒకడు చంకకర్రతో వచ్చాడు, ఒకడు వంగని మోచేత్తో, ఒకామె చచ్చిపోయిన తమ్ముడి ఫొటోతో. ఎప్పుడో మోటారుసైకిల్ మీంచి పడ్డారని రాయించుకున్నవాళ్లు.