సార్, చెప్పండి సార్

కుక్కర్ రెండో కూత వేసేసరికి ఫోన్ మోగింది. యాదలక్ష్మి చింతపండు పిసుకుతున్న చేతిని కొంగుకు తుడుచుకుని, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"హా సార్, చెప్పండి సార్," అన్నాడు అవతల ఆమె మొగుడు.

పన్నెండేళ్ల కాపురంలో మహిపాల్ ఆమెను సార్ అని పిలిచేది ఇలాంటప్పుడే. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో పిల్లర్ల పక్కన, మూడో అంతస్తులో అతని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్. క్లాసు మధ్యలో, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ఎక్కడైనా మొండికేస్తే, "క్లయింట్ కాల్, ఒక్క నిమిషం" అని పిల్లలకు చెప్పి, చెవిలో బ్లూటూత్ బుడ్డి పెట్టుకునేవాడు. ఎల్బీ నగర్‌లోని ఈ వంటింట్లో ఫోన్ మోగేది.

"స్క్రీన్ మీద ఏమొచ్చింది?" అందామె గుసగుసగా.

"అదే సార్, ఎర్రర్ ఒచ్చింది సార్."

"ఏ ఎర్రర్? చదువు."

చదవడు. ఎప్పుడూ చదవడు. వైఫై కార్డును పనిచేయించే ప్రోగ్రామ్, అదే డ్రైవర్, ఎక్కించే పాఠం ఎక్కడిదాకా వచ్చి ఉంటుందో ఆమే ఊహించుకోవాలి. "పాత డ్రైవర్ ఇంక పోలేదు కావచ్చు. ముందు దాన్ని తియ్యాలె. మోడ్‌ప్రోబ్ కొట్టు, ఖాళీ ఇయ్యి, అడ్డగీత, ఆర్..."

"ఓకే సార్. ఇగ మీ సర్వర్‌కు ఏం పరేషాన్ లేదు సార్," అని అతను పెట్టేశాడు. ఆమె పోపులోకి ఆవాలు వేసింది.

గుసగుసలు అతని ఆజ్ఞే. "బుడ్డిలకెల్లి ఆడగొంతు బయటికినిపిస్తది, మెల్లగ మాట్లాడు," అన్నాడు మొదటిసారే. వాళ్లిద్దరూ కలిసింది అదే దిల్‌సుఖ్‌నగర్‌లో, ఇంకొకరి ఇన్‌స్టిట్యూట్‌లో. ఆమె అక్కడ ల్యాబ్‌లో పాఠం చెప్పేది. అతను కింద కౌంటర్లో కూర్చుని, వచ్చినవాళ్లను మాటలతో కోర్సుల్లో చేర్చేవాడు. పెళ్లయ్యాక సొంతంగా పెట్టుకున్నప్పుడు, "నేను ముందట ఉంట, నువ్వు ఎనక ఉండు" అన్నాడు. వెనక అంటే ఇంత వెనక అని ఆమె అనుకోలేదు. స్టవ్ దగ్గర నిలబడి, గొంతు అణచుకుని, సొంత మొగుడికి దొంగతనంగా చదువు చెప్పడమని అనుకోలేదు. అలవాటైన గుసగుస మెల్లమెల్లగా మిగతా మాటల్లోకీ పాకింది. కూరగాయల బండి దగ్గర బేరమాడుతుంటే, "ఏందమ్మా, గొంతు పోయిందా?" అని అడిగాడు బండివాడు ఒకసారి.

ఆ గుసగుసలు ఆమె అత్త ముత్తమ్మ చెవిన పడుతూనే ఉన్నాయి. హాల్లో టీవీ ముందు కూర్చున్నా ఆమె చెవి వంటింట్లోనే ఉంటుంది. పోయిన నెల, మహిపాల్ అన్నం తింటుండగా, ముత్తమ్మ అతనికి పచ్చిపులుసు వడ్డిస్తూ అంది: "బిడ్డా, నీ పెండ్లాం రోజు ఎవన్తోనో గుసగుసలు పెడ్తది. నువ్వు పనికి పోంగనే ఫోనొస్తది. నేనొస్తుంటే కట్ చేస్తది. ఎవడాడు? అడుగు."

యాదలక్ష్మి మొగుడి వైపు చూసింది. ఆమెకు భయం వెయ్యలేదు, నవ్వొచ్చింది కూడా. 'నేనేనే అమ్మా' అంటాడు, ముగ్గురూ నవ్వుకుంటారు, అంతేగా అనుకుంది. అతను ముద్ద కలిపాడు. నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. మింగాడు. ఆ తర్వాత ఆమె వైపు చూడకుండానే అన్నాడు: "ఫోన్ జర తగ్గించుకో లక్ష్మీ. ఇంట్ల పెద్దమనిషున్నది."

ఆ ముద్ద నమలడానికి పట్టినంతసేపు ఆమె మనసులో ఇంకా నడుస్తూనే ఉంది. బట్టలు ఆరేస్తున్నా, కూతురికి జడ వేస్తున్నా, ఆ దవడ కదులుతూ కనిపించేది. ఆలోచించడానికి సమయం దొరకని మనిషి కాదతను. నమిలినంతసేపూ ఆలోచించాడు. భార్య చెడిపోయిందన్న మాటనూ, భార్య దగ్గర నేర్చుకుంటున్నానన్న మాటనూ పక్కపక్కన పెట్టి చూసి, రెండింట్లో ఏది తేలికో తూచుకున్నాడు. మొదటిదే తేలిక అనిపించింది. దాన్నే మింగాడు.

కింది వాటా అండాలమ్మ ఆమెతో మాటలు తగ్గించింది. తర్వాత నల్గొండ నుంచి తమ్ముడు లింగస్వామి ఫోన్ చేశాడు. చాలాసేపు వానల గురించి మాట్లాడి, చివరకు, "అక్కా, మీ అత్తమ్మ ఫోన్ చేసింది. ఎవడే ఆడు?" అన్నాడు. 'మీ బావనే' అని చెప్పినా నమ్మేలా లేదు ఆ గొంతు. చిన్నప్పుడు యాదలక్ష్మి వేలు పట్టుకుని బడికి నడిచిన పిల్లాడు అడుగుతున్నాడు, ఎవడే ఆడు అని.

ఆ రోజే మొగుడిని నిలదీసింది. "మీ అమ్మకు ఒక్క మాట చెప్పు, నువ్వేనని."

"చెప్తే నాల్గు దిక్కుల పాకుతది. ఇన్‌స్టిట్యూట్ పరువేంగావాలె? పెండ్లానికి ఫోన్ చేసి పాఠం చెప్తడంటే ఎవడన్న చేర్తడా?" చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. "నాల్గొద్దులైతే అమ్మనే మర్చిపోతది. నువ్వు ఒట్టిగ పెద్దగ చెయ్యకు."

కోపం వస్తుందనుకుంది. రాలేదు. దాని చోట ఒక చల్లని శ్రద్ధ వచ్చి కూర్చుంది. పాడైన మిషన్ ముందు కూర్చుని, ఎక్కడ తెగిందో వరస వెంబడి వెతికేటప్పుడు ఉండే శ్రద్ధ. అది ఆమెకు చాలా పాత స్నేహితురాలు. ఇన్నేళ్లకు దాన్ని ఇంటిమనుషుల మీదికి తిప్పడం ఇదే మొదలు.

ఆదివారం డెమో క్లాసు. కొత్త బ్యాచ్‌కు ముప్పై మంది వస్తున్నారు. మహిపాల్‌కు ఇష్టమైన పాఠం వైఫై డ్రైవర్ ఎక్కించడమే. "లినక్స్‌ల వైఫై రాదంటరు. రాదనేటోనికి తెప్పించ చాతకాదు!" అని బల్ల గుద్దుతాడు. నాలుగు కమాండ్లు కొడతాడు, నెట్ వచ్చేస్తుంది, అందరూ చప్పట్లు. ఆ నాలుగు కమాండ్ల వెనక శనివారం మధ్యాహ్నమంతా ఉంటుందని వాళ్లకు తెలియదు. ఆ కార్డుకు డ్రైవర్ రెడీమేడ్‌గా దొరకదు. అదే మిషన్ మీద, ఆ మిషన్‌లోని లినక్స్ గుండెకాయకు, అదే కెర్నెల్‌కు, సరిపోయేలా తయారు చేసుకోవాలి. దానికి కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చే కంపైలర్ కావాలి, హెడర్ ఫైళ్లు కావాలి. అవి నెట్ నుంచి తెచ్చుకోవాలి. నెట్ కావాలంటే వైఫై రావాలి. ఈ ముడిని యాదలక్ష్మి ప్రతి శనివారం ఇంట్లోనే విప్పి, అన్నీ తెచ్చి లోపల సర్ది, చివరి మెట్టు ఒక్కటి మొగుడికి మిగిల్చి పంపేది. ముందే ఉడికించిన పప్పుకు టీవీలో పోపు పెట్టినట్టు అతను పెట్టి వచ్చేవాడు.

ఈ శనివారం ఆమె ల్యాప్‌టాప్‌లో లినక్స్ కొత్తగా ఎక్కించింది. డ్రైవర్ కోడ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి కాపీ చేసింది. మూత వేసింది. ఏదీ పాడు చెయ్యలేదు. ఎప్పుడూ చేసేది చెయ్యలేదు, అంతే. సంచిలో పొడుగు చార్జింగ్ కేబుల్ తీసేసి, జానెడు పొడవున్న కేబుల్ పెట్టింది. బ్లూటూత్ బుడ్డిని పోపుల డబ్బాలో, మెంతుల కింద దాచింది.

ఆదివారం పొద్దున మహిపాల్ సోఫా దిండ్లు ఎత్తి చూశాడు. "చెవిలది ఏడవోయింది?"

"నీ జేబులు చూస్కో," అంది దోసె తిరగేస్తూ.

"ఏ, ఇయ్యాల దాంతోని పనేమున్నది. మొత్తం రెడీ చేసినవు కద?"

"నీకెంత ఒచ్చో అంత రెడీ చేసిన."

అతను నవ్వి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

పదకొండున్నరకు హాల్లో ముత్తమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. అండాలమ్మ పెరుగు తోడు కోసం వచ్చి, గుమ్మం దగ్గరే నిలబడి ముచ్చట పెట్టింది. యాదలక్ష్మి వాళ్ల మధ్య కూర్చుని, తనూ ఒక గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. ఫోన్ మోగింది.

ముత్తమ్మ అండాలమ్మ వైపు చూసింది. "చూసినవా? చెప్పలే? మొగడటు పోవుడే ఆలస్యం." కోడలి వైపు తిరిగింది. "వంటింట్లకు ఉరుకుతవేంది? ఈడనే ఎత్తు. మేము గూడ ఇంటం."

"ఉరుకుతలేను అత్తమ్మా," అంది యాదలక్ష్మి. ఫోన్‌ను చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, స్పీకర్ నొక్కింది.

"హా సార్! చెప్పండి సార్!"

ముత్తమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

"చిన్న ఇష్యూ సార్. డ్రైవర్ తయారైతలేదు సార్. ఏదో లేదంటుంది సార్." వెనక ఒక అమ్మాయి గొంతు వినబడింది: "హెడర్ ఫైల్స్ లేవంటోంది సార్. నెట్ లేకుండా అవెలా తెస్తారండీ?" ఎవరో కిసుక్కున నవ్వారు.

యాదలక్ష్మి మామూలు గొంతుతో మాట్లాడింది. ఆ గొంతు ఆమెకే కొత్తగా, నిండుగా అనిపించింది. "సంచిల కేబులున్నది. ఫోన్‌ను ల్యాప్‌టాప్‌కు తగిలియ్యి. ఫోన్ల నెట్‌ను కేబుల్ మీదికెల్లి ఇయ్యొచ్చు. అటెన్క నేను చెప్పింది కొట్టు."

అవతల గొంతు సగానికి దిగింది. "గట్టిగ మాట్లాడకు లక్ష్మీ! చెవిలది లేదు. కేబుల్ జానెడే ఉన్నది, ఫోన్ బల్ల మీద పెట్టాలె, ఎట్ల వినాలె నీ మాట?"

"ఎర్కే. చెవిలది మెంతులల్ల ఉన్నది."

"మహిపాలూ?" అంది ముత్తమ్మ. "గిన్నొద్దుల సంది నువ్వేనారా, ఆ ఫోను?"

"అమ్మా... నువ్వింటున్నవా?"

అండాలమ్మ పెరుగు గిన్నె పట్టుకుని గుమ్మం దిగలేదు. ఈ మాట సాయంత్రానికి వీధి చివరిదాకా పోతుందని యాదలక్ష్మికి తెలుసు. పోనీ. వెళ్లాల్సిన దారి అదే. అత్త ముఖం వైపు ఆమె చూడలేదు. ఆ లెక్క వేరే ఉంది. ముందు తమ్ముడికి అత్త చేతనే ఫోన్ చేయించాలి.

"లక్ష్మీ, నీ కాల్మొక్త, ముప్పై మంది చూస్తున్నరు," అన్నాడు మహిపాల్.

"చూస్తే సాలదు. వినాలె. ఫోన్ బల్ల మీద పెట్టి స్పీకర్ నొక్కు."

ఆ రోజు ముద్ద నమిలినంతసేపు పట్టింది. ఆమె లెక్కపెట్టుకుంటూ కూర్చుంది, తొందరపెట్టలేదు. తర్వాత చప్పుడు మారింది. గొంతు ఒక్కటే ఉన్నచోట ఒక గది తెరుచుకుంది. ఫ్యాన్ల హోరు, కుర్చీల కిర్రు, కింద రోడ్డు మీద బస్సు హారన్.

యాదలక్ష్మి గొంతు సవరించుకుంది.

"అందరికి నమస్తే. నా పేరు యాదలక్ష్మి. మీ సార్‌కు లినక్స్ చెప్పేది నేనే," అంది. "ఇగ స్క్రీన్ మీద ఏం రాసున్నదో అందరికి వినపడేటట్టు చదువు, మహిపాల్."