రెండు ముక్కల మిషను

రెండో గౌను మెడ తిప్పే చోట దేవమణి కుడిచెయ్యి మళ్ళీ ఆగిపోయింది.

చెయ్యి ఆగితే మిషనూ ఆగుతుంది. అది చేతి మిషను. కుడిచేత్తో పిడి తిప్పాలి, ఎడమచేత్తో బట్టని సూది కిందికి తోయాలి. గుండ్రంగా తిరగాల్సిన కుట్టు ఒంటిచేతికి ఒక పట్టాన లొంగదు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె ఎలాగో లొంగదీస్తూ వచ్చింది. ఈ చలికాలం మొదలయ్యాక భుజం కీలు బిగుసుకుపోయింది. పిడి పైకి లేచినప్పుడల్లా ప్రాణం జివ్వుమంటోంది. ఆస్పత్రిలో నర్సమ్మ పూతమందు ఇచ్చి, చెయ్యి తిప్పే పని మానెయ్యమంది. మానేసి ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు.

దేవమణికి అరవై ఆరేళ్ళు. పొట్టి మనిషి. కుడిభుజం ఎడమదానికంటే కాస్త ఎత్తు. కళ్ళజోడు కాడ విరిగితే తెల్లదారం కట్టి చెవికి తగిలించుకుంది. పెదవుల మధ్య ఎప్పుడూ రెండు గుండుసూదులుంటాయి కాబట్టి మాట తక్కువ. పెళ్ళయిన మూడో ఏడు మొగుడు జ్వరంతో పోతే పుట్టింటికి వచ్చి తల్లి పక్కన కూర్చుంది. తల్లి కత్తిరించేది, తను కుట్టేది. తల్లి పోయాక రెండూ తనే చేసింది. జి.మాడుగుల రోడ్డు మీద ఆ ఊళ్ళో ఆమె కుట్టిన రైక తొడగని ఆడది ఒకప్పుడు లేదు. ఇప్పుడు సంతలో గుట్టలు పోసి రెడీమేడ్ అమ్ముతున్నారు. ఆమెకి హుక్కులు కుట్టడం, చినిగినవి అతకడం మిగిలాయి.

అలాంటిది ఇన్నేళ్ళకి ఒక పని వచ్చింది. క్రిస్మస్‌కి పాటలు పాడే ఆడగుంటలకి తొమ్మిది తెల్లగౌన్లు. తెల్లగుడ్డ తాను తెచ్చి అరుగు మీద పెడుతూ పాస్టరమ్మ, "అందరూ వైజాగ్‌లో కొనేద్దామన్నారు. నేనే ఒప్పించాను, దేవమణమ్మ ఉంది కదా అని. శనివారానికి ఇచ్చెయ్యాలి మరి" అంది. ఆ మాటలో దయ ఉంది, దయ వెనక గడువూ ఉంది. ఇవాళ గురువారం. అయింది ఒక్క గౌను. ఈ తొమ్మిదీ ఇవ్వలేకపోతే ఇంక ఎవరూ ఏమీ తేరు. దేవమణి అనే కుట్టుమనిషి ఆ ఊళ్ళో ఉండదు, దేవమణి అనే ముసల్ది ఉంటుంది.

ఎదురింటి రత్నాలు అల్లం నూరుతూ అన్నీ చూస్తూనే ఉంది. "ఏటి మామ్మా, ఉదయం కాడినుంచి ఆ ఒక్క మెడే తిప్పుతున్నావు! పిల్ల మెడా, కొండసిలవ మెడా?"

దేవమణి సూదులు చేతిలోకి తీసుకుంది. "నా సెయ్యి పడిపోనాదే."

"కాలుందిగా. కాలు మిషనైతే ఈపాటికి నాలుగు కుట్టీదానివి."

"కాళ్ళు కిందీదిలో ఉన్నాయి," అంది దేవమణి.

రత్నాలుకే కాదు, ఊరందరికీ తెలిసిన సంగతే అది. ఆ మిషను దేవమణి అమ్మమ్మ యర్రమ్మది. కొండ మీదికి రైలు రాకముందు మిషనరీ దొరసాని ఇచ్చింది. నలుగురు మనుషులు కావిడి కట్టి ఘాటీ ఎక్కించారట. అప్పటికి ఆ పక్క ఆడవాళ్ళకి రైకల్లేవు. భుజం మీద కోక ముడే. గుడికి రైకలతో రావాలని దొరసాని పట్టు. అందుకని వచ్చిన వాళ్ళందరికీ యర్రమ్మ ఒకే కొలతతో కుట్టేసింది. కొందరికి ఊపిరాడలేదు, కొందరికి గాలాడింది. ప్రార్థనలో సగంమంది చంకలు గోక్కుంటూ కూర్చున్నారని దేవమణి తల్లి చెప్పి చెప్పి నవ్వేది. యర్రమ్మ చూపుడువేలిలోంచి ఒకసారి సూది దూరింది. తరవాత తల్లి వేలిలోంచి, ఆ తరవాత దేవమణి వేలిలోంచి. మిషను మెడ మీద బంగారు పూలుండేవి. ముగ్గురు ఆడవాళ్ళ మణికట్లు రాసుకుని రాసుకుని అక్కడ ఇనుము బయటపడింది.

తల్లి పోయినప్పుడు తగువొచ్చింది. మిషను తన పెళ్ళాం ఫ్లోరెన్సుకి కావాలన్నాడు తమ్ముడు జాకబ్. నలభై రెండేళ్ళకి నాకు ఇంకేం పని వచ్చని అంది దేవమణి. సంఘ పెద్దలు కూర్చున్నారు. వాళ్ళకి పొలం పంచడం తెలుసు, పశువుల్ని పంచడం తెలుసు, ఇత్తడి పంచడం తెలుసు. ఇనుమునీ అలాగే పంచారు. ముందొక ప్రార్థన, వెనకొక ప్రార్థన, మధ్యలో స్పానరు. తల ఆడపిల్లకి, స్టాండు మగపిల్లాడికి. ఇద్దరూ ఒప్పుకున్నారు, అదీ విచిత్రం. అవతలివాడికి పూర్తిగా దక్కలేదు, అది చాలనుకున్నారు. దేవమణి తలకి చేతిపిడి బిగించుకుంది. జాకబ్ స్టాండు మీద ఫ్లోరెన్సు మంచినీళ్ళ బిందెలు పెట్టుకుంది. అక్క వచ్చి అడిగితే ఇస్తానని తమ్ముడు, తమ్ముడు తెచ్చిస్తే తీసుకుంటానని అక్క. ప్రతి ఆదివారం గుళ్ళో అతను మగవాళ్ళ వైపు, ఆమె ఆడవాళ్ళ వైపు ఒకే పాట పాడారు.

దేవమణి గౌను మడిచి పక్కన పెట్టింది. చీర కుచ్చిళ్ళు సర్దుకుని మెట్లు దిగింది. రత్నాలు నూరడం ఆపి, "ఓలమ్మో!" అంది.

కిందివీధిలో ఫ్లోరెన్సు కాఫీపళ్ళు ఏరడానికి నడుముకి సంచి కట్టుకుంటోంది. ఆడపడుచుని చూసి చేతులు అలాగే ఉండిపోయాయి.

"దారి తప్పినావేటి వదినా?"

"స్టాండు కావాలి. రెండు రోజులకే. సెయ్యి పని సెయ్యట్లేదు."

"ఇరవై నాలుగేళ్ళకి నోరొచ్చింది! మరి నా బిందెలు నెత్తి మీద ఎట్టుకోమంటావా?" ఫ్లోరెన్సు గొంతులో కోపం కంటే అలసట ఎక్కువుంది. "నన్నడక్కు. నీ తమ్ముణ్ణడుగు. పలికితే నాకూ సెప్పు. నెల్లాళ్ళయి నాతోటీ పలకట్లేదు."

జాకబ్ నులకమంచం మీద గోడకి చేరబడి ఉన్నాడు. డొంకరాయి పవర్‌హౌసులో ముప్ఫై ఏళ్ళు వాచ్‌మన్ చేసిన మనిషి. ఏనుగులా ఉండేవాడు. ఇప్పుడు చొక్కా లోపల మనిషిని వెతుక్కోవాలి. పాదాలు మాత్రం ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి.

"గుండె వాసిందన్నారు పెద్దాసుపత్రిలో. మెట్టెక్కొద్దన్నారు," అంది ఫ్లోరెన్సు వెనకనుంచి.

దేవమణికి ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పబోతే తానే వినలేదేమో. ఆమె తమ్ముడి పాదాల వంక చూసింది. నోట్లోకి వచ్చిన మాట వేరే, బయటికి వచ్చింది వేరే. "స్టాండు గురించి వచ్చినాన్రా."

జాకబ్ అక్క వంక చూశాడు. తరవాత బిందెల వంక చూశాడు. కళ్ళు మూసుకున్నాడు.

"ఒద్దులే," అని ఆమె వచ్చేసింది.

మధ్యాహ్నం దాకా పిడిని ఎడమచేత్తో తిప్పి చూసింది. కుట్టు పాములా పోయింది. మొత్తం విప్పింది. విప్పిన చోట తెల్లగుడ్డ మీద సూది చిల్లులు మిగిలాయి. తడి చేసి గోటితో రుద్దింది.

రెండు దాటాక కింద మలుపులో ఆటో మొరాయించిన చప్పుడు వినిపించింది. ఆ మలుపు నుంచి పైవీధికి ఆటో ఎక్కదు, నడిచే ఎక్కాలి. ఆటో సుక్రు ఒక వైపు, జాకబ్ ఒక వైపు ఇనపస్టాండు పట్టుకుని పైకి వస్తున్నారు. పది అడుగులకొకసారి దించుతున్నారు. జాకబ్ ఒంటి మీద పవర్‌హౌసు ఖాకీ ప్యాంటు, నల్ల తోలుబెల్టు. డ్యూటీకి వెళ్తున్నట్టు తయారై వచ్చాడు.

"ఒద్దంటే ఇన్లేదు మామ్మా," అన్నాడు సుక్రు అరుగు మీద స్టాండు దించి. "ఫ్లోరెన్సత్త తోటకెల్లగానే బిందెలన్నీ దించేసి నాకు ఫోన్ సేసినాడు. నాకు పాసింజర్లున్నారు, ఎల్లొస్తా."

జాకబ్ మాట్లాడ్డానికి చాలాసేపు పట్టింది. ముఖం బూడిదరంగులో ఉంది. చెమట కణతల మీదుగా కారుతోంది.

"నీకు సెప్పినారు కదరా మెట్టెక్కొద్దని!"

"ఎక్కీసినాను కదా," అన్నాడు. "తల పట్టు."

తిట్టాలనుకుంది. పడుకోబెట్టాలనుకుంది. కానీ చేతులు అప్పటికే మిషను తల కింద ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఎత్తారు. తల స్టాండు మీద కూర్చుంది. మరలు తుప్పు పట్టినా వాటి గాడి అవి మరిచిపోలేదు. జాకబ్ చేతిపిడి ఊడదీసి పక్కన పెట్టాడు. కింద చక్రానికి కిరసనాయిలు పోసి గుడ్డతో తుడిచాడు. తొక్కుడుపలకని చేత్తో ఆడించాడు. అది కిర్రుమని, తరవాత మెత్తబడింది.

"బెల్టేది?" అన్నాడు.

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. పంచుకున్న నాడు చక్రాల్ని కలిపే బెల్టు ఎవరి వంతుకి వెళ్ళిందో ఇద్దరికీ గుర్తు లేదు. ఎలకలు తినే ఉంటాయి.

జాకబ్ లేచి నడుం బెల్టు విప్పాడు. ఆమెని కత్తెర అడిగి, బెల్టుని నేల మీద పరిచి, బకిల్ వైపు ముక్కా బెజ్జాలున్న కొసా కత్తిరించి పక్కన పడేశాడు. మిగిలినదాన్ని నిలువునా రెండు పీలికలుగా చీల్చాడు. పీలికలు రెండూ ఇనపతీగతో కలిపి పై చక్రానికీ కింది చక్రానికీ తొడిగాడు. సరిపోయింది.

"పేంటు జారిపోతాదిరా."

"జారితే జారనీ. ఈ వయసులో సూసి మోజుపడీదెవరు?"

ఆమెకి నవ్వొచ్చింది. లంగానాడా ఒకటి తెంపి ఇచ్చింది. అతను దాన్ని నడుముకి బిగించుకుని, అరుగు స్తంభానికి ఆనుకుని ఎండలో కాళ్ళు చాపుకున్నాడు.

"టీ ఎట్టనా?"

"ముందు కుట్టప్పా. సప్పుడు ఇంటాను. అమ్మ కుట్టినట్టు కుట్టు, బేగి."

దేవమణి స్టూలు లాక్కుని కూర్చుంది. పాదాలు పలక మీద పెట్టింది. కుడిచెయ్యి ఒళ్ళో నుంచి లేచి ఎడమచేతి పక్కన బట్ట మీద వాలింది. తొక్కగానే మిషను పరుగందుకుంది. మెడ గుండ్రంగా, ఎక్కడా ముడత లేకుండా తిరిగింది. చేతులు, కుచ్చిళ్ళు, అంచు. రెండోది అయింది. మూడోది అందుకుంది. రెండు చేతుల కింద గుడ్డ నీళ్ళలా జారుతోంది. మూడో గౌను మధ్యలో వెనకనుంచి ఏదో చిన్న చప్పుడైనట్టు అనిపించింది, గొంతు సవరించుకున్నట్టు. ఈ కుట్టు పూర్తయ్యాక చూద్దామనుకుంది. కుట్టు పూర్తయ్యాక ఇంకో కుట్టు ఉంది. శనివారం అందుతుంది, తప్పకుండా అందుతుంది అని ఆమె కాళ్ళే చెబుతున్నాయి.

నాలుగో గౌనులో ఉండగా ఎండ కొండ వెనక్కి పోయింది. సూది కన్ను కనబడక ఆపింది.

"సలి పెడతాదిరా, లోపలికి రా," అంది దారం తెంపుతూ.

వెనక్కి తిరిగింది. జాకబ్ స్తంభానికి ఆనుకునే ఉన్నాడు. గడ్డం గుండె మీదికి వాలింది. నోరు కొంచెం తెరిచి ఉంది. ఒక చీమ అతని ఉబ్బిన పాదం మీద నడుస్తోంది, అతను కదల్చలేదు.

ఆమె దగ్గరికి వెళ్ళి చీమని తీసేసింది. చెంప మీద చెయ్యి వేసింది. ఎప్పుడు పోయాడో తెలియలేదు. రెండో గౌనులోనా, మూడోదానిలోనా.

రత్నాలు కేకలకి వీధి వచ్చింది. తోట నుంచి ఫ్లోరెన్సు సంచి కట్టుతోనే పరిగెత్తుకొచ్చింది. మొగుడి నడుం తడిమి చూసి, "ఈ నాడా ఏటి? బెల్టేది?" అంది. దేవమణి మిషను వైపు చూపించింది. ఫ్లోరెన్సు ఆ చక్రాల వంక చాలాసేపు చూసింది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆమె అరుగు మీద కూలబడి ఏడ్చింది.

నలుగురు నులకమంచం తెచ్చి అతన్ని ఎత్తారు. పెట్టె చెయ్యడానికి వడ్రంగికి కబురు వెళ్ళింది.

"లోపల పరవడానికి తెల్లగుడ్డ కావాలి. ఈ ఏళప్పుడు ఏ కొట్టుంటాది," అన్నారెవరో.

ఫ్లోరెన్సు తలెత్తింది. "నీ కాడ ఉందేటి వదినా?"

ఇంకా కత్తిరించని తాను మిషను పక్కనే ఉంది, అయిదు గౌన్ల గుడ్డ. దేవమణి దాన్నీ కత్తెరనీ చంకన పెట్టుకుంది. "ఉంది, పదండి," అంది. మంచం వెనకాల, ఫ్లోరెన్సు మోచెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

అరుగు మీద బెల్టు కొస పడి ఉంది. దానికి కంపెనీ వేసిన బెజ్జాలు అయిదు, వాటి పక్కన మేకుతో పొడిచినవి నాలుగు. ఆఖరిదాని అంచు ఇంకా నలగలేదు, లోపలి తోలు పచ్చిగానే ఉంది.