చేసేది ఎవరు?

"ఆదివారం మధ్యాహ్నం మా ఆఫీసువాళ్ళు ఎనిమిదిమంది భోజనానికొస్తున్నారు. మనం వండేద్దాం," అన్నాడు మొగుడు, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆదివారం పదింటికి ఆమెకి ప్రోగ్రామింగ్ కోర్సు పరీక్ష. ఆ సంగతి వారం కిందటే చెప్పానని గుర్తుచేసింది.

"చెప్పావా? ఎప్పుడు? అయినా అది రాయకపోతే కొంపలేం మునిగిపోవులే."

ఆమె తడిచేతులు తుడుచుకుని గదిలోకెళ్ళి లాప్‌టాప్ తెరిచింది. పాఠం చెప్పే మేడమ్ ఓ అభ్యాసం ఇచ్చింది. ఇంటిపనుల జాబితా రాసి, ప్రతి పని పక్కనా చేసే మనిషిని రాయాలి. ఆ తర్వాత ఎవరి పనులు వాళ్ళవి ఒకే ఒక్క వాక్యంతో, బియ్యంలో రాళ్ళేరినట్టు ఏరాలి. మొదలుపెట్టింది. గిన్నెలు: మనం. బట్టలు: మనం. మామగారి మందులు: మనం. పన్నెండేళ్ళుగా వింటున్న మాట, వేళ్ళు వాటంతటవే కొట్టేశాయి. మనం అంటే ఆయనా, నేనూ అని పైన ఓ వరస కూడా రాసిపెట్టింది.

కంప్యూటర్ ఒప్పుకోలేదు. టైప్ ఎర్రర్ అంటూ తెరంతా ఎర్రగా మొత్తుకుంది. మేడమ్‌కి ఫోన్ చేసింది.

"మనం అంటే ఇద్దరి జాబితా కదమ్మా! చేసే మనిషి గడిలో ఒక్క మనిషే పడతారు."

"ఇద్దరం అనుకుని రాశాను మేడమ్."

"అనుకోవడం కాదు. గిన్నెలు కడిగేదెవరు?"

ఆ ప్రశ్న ఆమెని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. ఫోన్ చెవిదగ్గరే పెట్టుకుని, ఇరవైమూడు చోట్ల మనం చెరిపేసి నేను అని కొట్టింది. ఎరుపు పోయింది. ఇప్పుడు ఆయన చేసేవి ఏరమని కంప్యూటర్‌కి చెప్పింది. తెరమీద రెండు బ్రాకెట్లు వచ్చాయి. మధ్యలో ఏమీ లేదు.

"ఖాళీ వచ్చింది మేడమ్. తప్పెక్కడుందో..."

"తప్పేం లేదు. ఖాళీ కూడా జవాబే."

ఫోన్ పెట్టేసింది. కోపం వస్తుందనుకుంది, రాలేదు. ఇద్దరున్నారనుకున్న ఇంట్లో పన్నెండేళ్ళూ ఒక్కతే ఉంది. ఒక్క మాటని పక్కన కూర్చోబెట్టుకుని, దాన్నే తోడనుకుని బతికేసింది. లేచి హాల్లోకెళ్ళింది.

"ఆదివారం వంట మీరు చెయ్యండి. నేను ఎనిమిదింటికే పరీక్షకి వెళ్ళిపోతాను."

ఆయన పగలబడి నవ్వాడు. "నేనా? నాకు గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదే!"

"పెళ్ళినాటికి నాకూ రాదు," అంది.